అరువు సంతాపం

మంగళవారం ఉదయం ఢిల్లీ పక్క వైశాలిలో కస్తూరిగారు పోయారు. ఆదివారం సంతాప సభకు మన తెలుగు సంఘం సమస్తమూ అరువు తెచ్చి సిద్ధం చేసింది. సంఘం సమర్థత మీకు తెలియనిది కాదు. కుర్చీలు పక్క అపార్ట్‌మెంటువి, మైకు భజన బృందానిది, ఫొటోకు వేసిన దండ ఆ పొద్దున ఒక డైరెక్టరుగారి సన్మానంలో మిగిలినది.

"మాటల గురించి మీరు బెంగ పెట్టుకోకండి మాస్టారూ," అన్నారు కార్యదర్శి రామమోహనరావు, కస్తూరిగారి భర్త సుందరరామయ్యతో. "సంతాపం ఫైల్లో రెడీగా ఉంది. పేరు మారిస్తే చాలు."

సుందరరామయ్య ముప్పై ఏళ్లు ఢిల్లీ పిల్లలకు తెలుగు చెప్పిన మనిషి. ఆయన కోరిక ఒక్కటే: కస్తూరికి తప్ప మరెవరికీ సరిపోని మాట ఒక్కటి ఆ సభలో వినాలని. కూరల బండి భయ్యాతో ఆమె తెలుగులోనే బేరమాడేదని, అతను హిందీలో ఓడిపోయేవాడని ఎవరైనా అన్నా చాలు.

ఆదివారం సభలో రామమోహనరావు గొంతు సవరించుకున్నారు. "స్వర్గీయ కస్తూరిగారు ముప్పై అయిదేళ్లు శాఖకు మచ్చలేని సేవ చేశారు. వారి చేతికింద ఎందరో గుమాస్తాలు అధికారులయ్యారు. ఏ ఫైలునూ వారు మర్నాటికి ఉంచలేదు!"

సభ కళ్లు తుడుచుకుంది. ఒక్కరోజూ ఉద్యోగం చేయని ఇల్లాలికి ఇంతటి సర్వీసు రికార్డు సామాన్యంగా దొరకదు.

పక్కింటి ప్రణతి గుసగుసగా అడిగింది: "అంకుల్, ఆంటీ గవర్నమెంట్ జాబ్ చేసేవారా? కభీ బతాయా నహీ, ఎప్పుడూ చెప్పనేలేదు!"

"నాకూ ఇప్పుడే తెలిసింది తల్లీ."

ప్రసంగం మాత్రం ఆయనకు కొత్త కాదు. పన్నెండేళ్ల కిందట త్యాగరాజు అనే అండర్ సెక్రటరీ పోయినప్పుడు, సంఘం అడిగితే, తానే రాసిచ్చారు. అప్పటినుంచి సాకేత్‌లో పోయినా ధౌలా కువాన్‌లో పోయినా అందరినీ అదే సాగనంపుతోంది. ఇంతవరకు ఒక్కరూ అభ్యంతరం చెప్పలేదు, పోయినవారితో సహా.

చివర మైకు ఆయన చేతికిచ్చారు. అది త్యాగరాజు గురించి రాసినదని చెప్పాలని నోరు తెరిచారు. ఎదురుగా అందరూ చక్కగా ఏడుస్తున్నారు. ఆపడం మర్యాద కాదనిపించింది. "ధన్యవాదాలు," అని కూర్చున్నారు.

"బహుత్ అచ్ఛా మాట్లాడారు మాస్టారూ," అన్నారు వెనక వరుసవారు.

శనివారం రామమోహనరావు ఫోన్ చేశారు. "నోయిడాలో ఇంకొకాయన పోయారండీ. కాగితం చిరిగింది. ఇంకో కాపీ రాసిపెడతారా? మీ అక్షరాలు ముత్యాలు కదా!"

సుందరరామయ్య ఒక్క కొట్టివేత లేకుండా రాసిచ్చారు. పేరు దగ్గర ఖాళీ కాస్త విశాలంగానే వదిలారు. మనలో ఎవరి పేరైనా పడుతుంది.

కస్తూరి గురించి మాత్రం ఆయన ఇంకా ఏమీ రాయలేదు.