ఐసు పెట్టెలో దుమ్ము తుఫాను

ఉదయం హార్డ్‌డిస్క్ చేతికొస్తుంది, మధ్యాహ్నానికి పని సగమవుతుంది, సాయంత్రానికి షాట్ హైదరాబాద్ చేరుతుంది. ఏలూరులో మేడ మీది గదిలో కాఫీ తాగుతూ హేమంత్‌కుమార్ వేసుకున్న ప్లాను అంతే.

షాట్ అంటే సినిమా హీరో నడిచొచ్చే దుమ్ము తుఫాను. కోట్ల రేణువుల్లో ఏది ఎటు ఎగరాలో కంప్యూటర్ లెక్కగట్టాలి. ఆ లెక్కను ఒకసారి డిస్కులో దాచుకుంటే, దాన్నే క్యాష్ అంటారు, తర్వాత దాన్ని తెరమీది బొమ్మగా మార్చే రెండరింగ్ చకచకా సాగిపోతుంది. మధ్యలో కరెంటు పోయిందా, మళ్లీ మొదటికే. ఏలూరులో అలా రెండుసార్లు పోయాక లెక్కగట్టే కంప్యూటర్‌ను కైకలూరులో బావమరిది సత్తిబాబుకున్న చేపల ప్యాకింగ్ షెడ్డులో పెట్టాడు. అక్కడ జనరేటర్ ఆగదు.

ఈ షాట్ వేళకు అందితేనే ఇంటి నుంచి పని చేసుకోవచ్చని, లేకపోతే హైదరాబాద్ వచ్చేయాలని అక్కడి స్టూడియో సూపర్‌వైజర్ ప్రసన్న ముందే చెప్పింది. భార్య రమ్యశ్రీకి ఏలూరు కాలేజీలో ఉద్యోగం వచ్చి నెల కూడా కాలేదు.

"లెక్క పూర్తయింది బావగారూ, డిస్క్ మాత్రం పెనంలా కాలిపోతోందండి" అని సత్తిబాబు ఫోన్ చేశాడు.

"వేడి తగలకుండా జాగ్రత్తగా పంపు."

"చల్లగా పంపడం మాకు చెప్పాలేంటండి!"

వ్యాన్‌లో థర్మకోల్ పెట్టె వచ్చింది. టేపు కోసి చూస్తే పైన ఐసు, కింద రెండు శీలావతి చేపలు. డిస్క్ మాత్రం లేదు. ఆరా తీస్తే తేలిందేమిటంటే, సత్తిబాబు డిస్కును నాలుగు పొరల పాలిథీన్‌లో చుట్టి, ఐసులో పాతి, కోల్‌కతా లారీ సరుకు పక్కన పెట్టాడట. అక్కకని తీసి ఉంచిన చేపలు వ్యాన్ ఎక్కాయి, తుఫాను లారీ ఎక్కింది. పెట్టెలన్నీ ఒకేలా ఉంటాయి కదండీ అని నొచ్చుకుని, డ్రైవర్ ఫోన్ ఎత్తడం లేదుగానీ లారీ తాడేపల్లిగూడెం దగ్గర టీకి ఆగుతుందని చెప్పాడు.

హేమంత్ బండి తీశాడు. హైవే ఎండలో లారీల మధ్య దూరి, హెల్మెట్ లోపలికి కూడా దుమ్ము పట్టించుకుని టీకొట్టు చేరేసరికి డ్రైవర్ కృపావరం చివరి గుక్క తాగుతున్నాడు.

"మా దుమ్ము తుఫాను మీ లారీలో ఉందండి. ఒక్క పెట్టె విప్పితే చాలు."

కృపావరం అతన్ని ఎగాదిగా చూశాడు. "ఏ పెట్టెండి?"

"అదే తెలీదండి."

"ఆయ్, ఎండ గట్టిగా ఉందండి. కాసేపు నీడన కూర్చుని మజ్జిగ తాగండి" అని, ఆ మజ్జిగ డబ్బులు తనే కట్టి కృపావరం లారీ ఎక్కాడు.

హేమంత్ వెంటపడబోతే టీకొట్టు వాళ్లు ఆప్యాయంగా పట్టుకుని కూర్చోబెట్టారు. తలమీద చెంబుడు నీళ్లు పోసి, అతని ఫోన్‌లోంచే రమ్యశ్రీకి కబురు చేశారు. మీవారికి వడదెబ్బ తగిలిందమ్మా, తుఫాను తుఫాను అంటున్నారు అని. ఆవిడ క్లాసు మధ్యలో వదిలేసి బస్సెక్కింది. ఆవిడ వచ్చి, అసలు సంగతి విని, ఆయన మామూలుగానే ఇంతేనండీ అని హామీ ఇచ్చాకగానీ వాళ్లు వదల్లేదు. అప్పటికి లారీ ఏ గోదావరి వంతెన మీదుందో.

"ఏవండీ, మీరు మొదట్లో చూపించిన పల్చటి దుమ్ము ఇంట్లోనే ఉంది కదా" అంది రమ్యశ్రీ.

ఉంది. రేణువులు నూటికి ఒక్కటి చొప్పున, కదలిక సరిచూసుకోవడానికి చేసుకున్న నమూనా. తుఫాను కాదది, ఎడ్లబండి వెళ్లిన బాటలో లేచే దుమ్ము. వేరే దారి లేక ఇల్లు చేరి దాన్నే రెండరింగ్‌కి పెట్టాడు. కోట్ల రేణువులు లేవు గనక నిమిషాల్లో అయిపోయింది. గడువుకు ముందే పంపి, ఫోన్ కేసి చూస్తూ గదంతా తిరిగాడు.

మోగింది.

"ఇన్నాళ్లూ మీ దుమ్ములో హీరో మొహమే కనపళ్లేదండి. ఇవాళ కనపడింది. డైరెక్టర్ గారు ఒకటికి రెండుసార్లు చూశారు" అంది ప్రసన్న.

హేమంత్ ఆ రోజు మొదటిసారి కుర్చీలో కూర్చుని వెనక్కి వాలాడు. ఆమె ఇంకా ముగించలేదు. ఇంత మంచి షాట్ ఇంత త్వరగా ఎలా చేశారో ఇక్కడ అందరికీ నేర్పాలట.

"కాబట్టి సోమవారం నుంచి మీరు హైదరాబాద్‌లోనే ఉండాలండి."

పక్క గదిలో రమ్యశ్రీ మర్నాటి పాఠం చదువుకుంటోంది. హేమంత్ ఫోన్ పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయాడు.

అసలు తుఫాను ఆ వేళకు ఐసులో చల్లగా పడుకుని శ్రీకాకుళం దాటుతోంది.