పట్టుకురండి అన్నారు

ఆ రోజు పొద్దున జీపు డ్రైవరు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. స్టేషను హాల్లో కుర్చీలు వేయించాలి. పోయిన నెల గుండెపోటుతో కన్నుమూసిన హెడ్ కానిస్టేబులు, నిదానం హెడ్డుగారి ఫోటో పెట్టించాలి. ఆయన్ని ఎరిగినవాళ్ళ చేత నాలుగు మంచి మాటలు చెప్పించాలి. అవి ఆయన భార్య చెవిన పడాలి. అంతే.

కన్నవాళ్ళు ఏ పేరు పెట్టారో గానీ ఊరంతటికీ ఆయన నిదానం హెడ్డే. దొంగ పరుగెడితే ఆయన నడిచేవాడు. దొంగ సందులన్నీ తిరిగి, గోడలు దూకి, ఆయాసంతో ఏ మెట్టు మీదో కూలబడితే, ఆయన తీరిగ్గా వచ్చి పక్కన కూర్చుని, "అయిందా? ఊపిరి తీసుకో, మనకు తొందరేం లేదు" అనేవాడు. ఒకసారి బ్యాంకు గోడకు కన్నం వేస్తున్నవాడి దగ్గరికి ఎంత నిదానంగా నడిచాడంటే, ఈయన చేరేసరికి వాడు మనసు మార్చుకుని, కన్నం పూడ్చేసి, పైన సున్నం కూడా కొట్టేశాడట.

ఇవన్నీ డ్రైవరుకు తెలుసు. హెడ్డుగారి భార్యకు తెలియవు. ఆవిడకు ఆ స్టేషనంటేనే ఒళ్ళుమంట. పిలవడానికి వెళ్ళినప్పుడు గుమ్మంలోనే నిలబెట్టి కడిగేసింది.

"చూడవయ్యా మరిదీ, మా ఇంట్లో ఆయన కంచం చల్లారని రోజు లేదు. మనిషిని మీ స్టేషనే మింగేసింది. ఎవరి కోసం తిరిగాడో ఒక్కసారి చూస్తాను. అక్కడ ఆయన్ని తలుచుకునే దిక్కు లేదనుకో, వదినా అంటూ మళ్ళీ ఈ గడప తొక్కకు."

అందుకే డ్రైవరు ఏరికోరి నలుగురి సంగతి ఇన్‌స్పెక్టరుకు చెప్పాడు. ఒక టైలరు, టీకొట్టు ఆవిడ, తాళాలు బాగుచేసే ఆయన, జేబులు కొట్టడం మానేసి పూలకొట్టు పెట్టుకున్నా ఊరంతా ఇంకా చేతివాటం అనే పిలిచే అతను. ఇన్‌స్పెక్టరు ఈ మధ్యే బదిలీ మీద వచ్చినవాడు. పెద్దాఫీసులో మీటింగుంది, బూటు లేసు కట్టుకుంటూనే కొత్త కానిస్టేబుళ్ళిద్దరికీ చెప్పేశాడు.

"ఆ నలుగుర్నీ పట్టుకురండి."

ఇంట్లో ఈ మాటంటే వెంటబెట్టుకు రమ్మని అర్థం. కానీ ఆ ఇద్దరూ ట్రైనింగు ముగించుకుని వారం కాలేదు. వాళ్ళకు నేర్పిన పట్టుకోవడం ఒకటే. హెడ్డుగారుంటే భుజం మీద చెయ్యేసి, "ఇది పట్టుకోవడం కాదురా అబ్బాయ్, పిలుచుకు రావడం" అని విడమర్చి ఉండేవాడు. ఆయన ఫోటో ఫ్రేము కట్టే దుకాణంలో ఉంది. దాన్ని తేవడానికి డ్రైవరు కూడా వెళ్ళిపోయాడు.

ఫోటో చంకలో పెట్టుకుని తిరిగొచ్చేసరికి హాల్లో కుర్చీలన్నీ ఖాళీ. లాకప్ మాత్రం సంతలా ఉంది.

"ఇదేంట్రా?" అన్నాడు డ్రైవరు.

"పట్టుకొచ్చామన్నా," అన్నాడు పొడుగు కానిస్టేబులు, ఛాతీ విరుచుకుని. "సార్ నలుగుర్నే చెప్పారు. మేం ఆరుగుర్ని తెచ్చాం."

టేపు మెడలో వేసుకున్న టైలరు ఊచల దగ్గరికి వచ్చాడు. "ఈయనకు నడుం కొలత చూస్తున్నానయ్యా. చేతులు పైకెత్తు అన్నారు. ఎత్తాను. నా చేతుల్లో ఈయన పాంటుంది. అదీ పైకొచ్చింది."

"అందుకు నేనరిచాను," అన్నాడు వెనక నుంచి ఒక కాలు పొడుగు, ఒక కాలు పొట్టి పాంటుతో ఉన్న కస్టమరు. "డ్యూటీకి అడ్డమొచ్చానట. ఉద్యోగం ఇంటర్వ్యూకి పోవాలి నేను."

తాళాలాయన కథ ఇంకా సులువు. ఎవరో తాళంచెవి పోగొట్టుకుంటే వాళ్ళింటి తలుపు తెరుస్తూ దొరికాడు. అది నా ఇల్లే బాబూ అన్న ఇంటాయన్ని, దొంగలందరూ ఇలాగే అంటారని ఆయనతో పాటే తెచ్చారు. టీకొట్టు ఆవిడ కెటిలుతో సహా వచ్చింది. చేతివాటం ఒళ్ళో పూలబుట్ట పెట్టుకుని దిగాలుగా కూర్చున్నాడు.

"నా అంతట నేనే వస్తున్నాను డ్రైవరన్నా. నా పూలు నేనే కొట్టేశానంటారేంటి? నిజాయితీగా బతికితే ఇలా ఉంటుందని ముందే తెలిస్తే ఆలోచించేవాణ్ణి."

"తాళం తియ్యండ్రా, వదిన వచ్చేస్తుంది," అన్నాడు డ్రైవరు.

పొట్టి కానిస్టేబులు కంగారులో తాళంచెవి గట్టిగా తిప్పాడు. సగం చేతిలోకి వచ్చింది, సగం తాళంలో ఉండిపోయింది.

"నా సంచి ఇలా పడెయ్యండి, చిటికెలో తీస్తాను," అన్నాడు తాళాలాయన.

"కుదరదు. సాక్ష్యమని సీలు వేశాం. ఇన్‌స్పెక్టరుగారే తియ్యాలి."

ఇన్‌స్పెక్టరు మీటింగులో ఉన్నాడు, ఫోను ఎత్తడం లేదు. డ్రైవరు తల పట్టుకునేంతలో గుమ్మంలో చెప్పుల చప్పుడైంది.

ఆవిడ లోపలికి వచ్చి ఖాళీ కుర్చీల వంక చూసింది. బల్ల మీద ఫోటో కూడా ఆ ఖాళీ కుర్చీల వంకే చూస్తోంది.

"ఇదేనా మరిదీ ఆయన సంపాదించుకుంది?"

డ్రైవరు తిన్నగానే ఉన్న ఫోటోని మళ్ళీ సర్దాడు. ఏం చెప్పాలి? పిలిచినవాళ్ళంతా లాకప్‌లో ఉన్నారని చెబితే ఆవిడ ఏమనుకోవాలి? అంతలో నడవా చివర నుంచి టైలరు గొంతు వినిపించింది.

"నిదానం హెడ్డుంటే ఈ పాటికి మనం బయటుండేవాళ్ళం."

"ఆయనే మనల్ని పట్టుకోవడానికి బయల్దేరుంటే ఈ పాటికి నా కొట్టు దాకా కూడా చేరుండేవాడు కాదు," అంది టీకొట్టు ఆవిడ.

లాకప్ గొల్లుమంది. హెడ్డుగారి భార్య అటు తిరిగింది.

"నవ్వుతారు గానీ," అన్నాడు టైలరు, "నా కుట్టు మెషీను దొంగలెత్తుకుపోయిన ఏడు గుర్తుందా? అది జానెడుకో కుట్టు తప్పేది. ఆయన రోజుకో చొక్కా చింపుకుని ఊళ్ళో ఉన్న టైలర్లందరి దగ్గరా కుట్టించుకున్నాడు. ఒకడు వేసిన అతుకులో నా మెషీను తప్పుడు కుట్టు కనబడ్డ రోజున మెషీను భుజాన వేసుకుని నా కొట్టుకొచ్చాడు. దానితోనే కదా నా పిల్లలు చదువుకున్నారు."

ఆవిడ ఓ కుర్చీ లాక్కుంటూ వెళ్ళి సరిగ్గా ఊచల ఎదురుగా వేసుకుని కూర్చుంది.

"అందుకా ఆయన చొక్కాలన్నీ అతుకులు? పిసినారి మనిషి అని ఏడాది పొడుగునా తిట్టానయ్యా."

ఆవిడెవరో తెలిసి అందరూ లేచి నిలబడ్డారు. చేతివాటం గొంతు సవరించుకున్నాడు.

"ఓసారి ఆయన జేబే కొట్టానమ్మా. లోపల రెండు బొత్తాలు, మీ ఫోటో. సిగ్గేసి మళ్ళీ పెట్టబోతుంటే చెయ్యి పట్టేసుకున్నాడు. కొడతాడనుకున్నా. 'నిదానంగా పెట్టరా, ఫోటో నలుగుతుంది' అన్నాడు."

ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుంది. నవ్విందో ఏడ్చిందో డ్రైవరుకు తేలలేదు, రెండూ ఒకేసారి వచ్చినట్టున్నాయి. టీకొట్టు ఆవిడ ఊచల సందుల్లోంచి టీ అందించింది.

ఇన్‌స్పెక్టరు వచ్చి, చూసి, ఇద్దరు కానిస్టేబుళ్ళనూ కళ్ళతోనే కాల్చేసి, సీలు తెంపి సంచి లోపలికి ఇచ్చాడు. తాళాలాయన కమ్మీ తాళంలో దూర్చి, ఆగిపోయాడు.

"తియ్యవయ్యా," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఉండండి సార్, చప్పుడవుతుంది. ఇంటాయన బ్యాంకు కన్నం సంగతి చెబుతున్నాడు."

హెడ్డుగారి మొహమైనా ఎరగని కస్టమరు నేల మీద బాసింపట్టు వేసుకుని, "సున్నం ఎక్కడి నుంచి తెచ్చాడండీ వాడు?" అని అడుగుతున్నాడు. ఇంటర్వ్యూ మాట అతనికి గుర్తున్నట్టు లేదు. ఇన్‌స్పెక్టరు టోపీ తీసి, తనూ ఒక కుర్చీ తెచ్చుకున్నాడు.

పొద్దు వాలుతుండగా ఆవిడ ఫోను మోగింది. కూతురు.

"స్టేషన్లోనే ఉన్నానే," అంది ఆవిడ, రెండో టీ ఊదుకుంటూ. "వీళ్ళు నన్ను ఇప్పుడప్పుడే వదిలేలా లేరు."