నిలుపుదల ఇంజనీరు

ప్రపంచంలో కర్మాగారాలు రెండు రకాలు. సరుకు తయారు చేసేవి, అనుభవం తయారు చేసేవి. మన అదృష్టం కొద్దీ కృష్ణా డెల్టాలో ఈ రెండూ ఒకే షెడ్డులో, అవే యంత్రాలతో ఉంటాయి. ఒకే నెలలో మాత్రం ఉండవు.

ఈ ఏర్పాటు ఎంత గొప్పదో తెలియాలంటే భవానీపురం ఏసుపాదం మాస్టారి అమ్మాయి రూతు సంగతి చెప్పాలి. మాస్టారు మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పేవారు. రూతు వాల్తేరులో కెమికల్ ఇంజనీరింగు చదివేది. అది డెబ్భై రెండో సంవత్సరం. ఆ రోజుల్లో ఇంజనీరు అనగానే జనం అడిగే ప్రశ్న ఒక్కటే, ఏం బాగుచేస్తావని. సివిల్ వాడు కట్టిన గోడ చూపిస్తాడు. ఎలక్ట్రికల్ వాడు పక్కింటి ఫ్యాను తిప్పుతాడు. మెకానికల్ వాడి కోసం ఆటోనగర్ నిండా లారీలు నోళ్ళు తెరుచుకుని నిలబడి ఉంటాయి. రూతు సెలవులకి ఇంటికొస్తే పక్కింటి కనకవల్లి గారు బాగా ఆలోచించి ఒక చిలుము పట్టిన ఇత్తడి బిందె తెచ్చిచ్చారు. "నువ్వు చదివేది ఇదేగదమ్మా" అన్నారు. రూతు చింతపండు పెట్టి తోమి ఇచ్చింది. ఆ బిందె తళతళ చూశాక పేటలో ఆ కోర్సు మీద కొంత గౌరవం ఏర్పడింది.

రూతుకి మాత్రం ఒకటే పట్టుదల. చెరుకు రసం మరిగి, చిక్కబడి, ఒకానొక క్షణంలో ఉన్నట్టుండి గింజ కడుతుందని పుస్తకంలో ఉంది. ఆ పాకం మరిగే పెద్ద పాత్రని ఫ్యాక్టరీ వాళ్ళు పాను అంటారు. దానికి గుండ్రటి అద్దం ఒకటి ఉంటుంది. ఆ అద్దంలోంచి గింజ కట్టడం కళ్ళారా చూడాలి, ఎప్పటికైనా తన చేత్తో కట్టించాలి. మాస్టారు కాదనలేదు.

"ఫ్యాక్టరీ ఉద్యోగం దొరికితే సరే తల్లీ. దొరక్కపోతే మా స్కూల్లో సైన్సు టీచరు పోస్టుంది. హెడ్మాస్టరు గారికి చెప్పి ఉంచాను" అన్నారు. (చెప్పి ఉంచడం అనేది మన రాష్ట్రంలో ఉద్యోగ నియామక విధానాలన్నిటిలోకీ పురాతనమైనది.)

చల్లపల్లి దాటి కొంత దూరం పోయాక కొత్తలంకపాలెం అనే ఊళ్ళో ఒక సహకార చక్కెర కర్మాగారం ఉండేది. పటంలో వెతకవద్దు, పటం గీసినప్పుడు అది ఆగి ఉంది. అక్కడ శిక్షణానుభవ ధ్రువీకరణాధికారి గోపాలకృష్ణ గారు. ఇంత పొడుగు హోదా ఉన్న మనిషి నిజానికి చాలా పొట్టి, చాలా మంచివారు. ఏటా మే నెలలో డెల్టాలో కాలువలు కట్టేస్తారు, కాలేజీలు మూసేస్తారు, చెరుకు ఆడటం ఆపేస్తారు. ఈ మూడూ కూడిన శుభ ముహూర్తంలో విద్యార్థులకి శిక్షణ మొదలయ్యేది.

"సార్, ఫ్యాక్టరీ నడవట్లేదు గదా?" అని అడిగింది రూతు మొదటి రోజున.

"నడిచేటప్పుడు మాకు తీరికెక్కడిదమ్మా? పైగా పధ్నాలుగో నిబంధన ఉంది. అనుభవం లేనివాళ్ళని నడిచే యంత్రం దగ్గరికి రానివ్వకూడదు. ప్రమాదం. అనుభవం కావాలంటే ఆగిన యంత్రం దగ్గరికి రావచ్చు. అదైతే కదలదు, మెదలదు, ఎంతసేపైనా చూసుకోవచ్చు."

"మరి ఆగినదాన్ని చూస్తే నడిపే అనుభవం ఎలా వస్తుందండీ?"

"అందుకేగా నేనున్నాను" అన్నారు గోపాలకృష్ణ గారు. ఆయన పిల్లల్ని గొట్టాల మధ్యగా నడిపించుకుంటూ పోయి, ఒక్కోచోట ఆగి, చేతికర్ర పైకెత్తేవారు. "ఇదుగో, ఇక్కడ ఆవిరి వస్తుందనుకోండి." పిల్లలు అనుకునేవారు. "ఇక్కడ రసం పొంగుతుందనుకోండి." అందరూ ఒక అడుగు వెనక్కి వేసేవారు. వెనక్కి వెయ్యని కుర్రవాడికి ఆయన జాగ్రత్త విషయంలో మార్కులు తగ్గించారు.

పాను దగ్గరికి వచ్చాక రూతు అద్దానికి మొహం ఆనించి చూసింది. లోపల ఒక సాలీడు గూడు కడుతోంది. మరుసటేడు మేలో కూడా చూసింది. గూడు పూర్తయింది. శిక్షణ ముగిశాక ఆమెకి ధ్రువపత్రం ఇచ్చారు. అనుకోవడంలో ప్రథమ శ్రేణి.

డిగ్రీ చేతికొచ్చింది. ఇక ఇంటర్వ్యూలు. నడిచే ఫ్యాక్టరీల వాళ్ళు ఎక్కడికి పిలిచినా ఒక్కటే అడిగేవారు.

"అనుభవం ఉందామ్మా?"

"ఉందండీ. చక్కెర ఫ్యాక్టరీలో."

"నడిచేదాంట్లోనా?"

"ఆగినదాంట్లో సార్."

"మాది నడిచేదమ్మా" అని వాళ్ళు ఎంతో బాధపడుతూ చెప్పేవారు. ఒక బోర్డు అధ్యక్షుడైతే, మాది ఎప్పుడైనా ఆగితే మీకు తప్పకుండా కబురు పెడతామని మాట కూడా ఇచ్చాడు. ఇంట్లో మాస్టారు ఏమీ అనేవారు కాదు. స్కూల్లో సైన్సు పోస్టు ఇంకా ఖాళీగానే ఉందని అన్నం తినేటప్పుడు గోడతో చెప్పేవారు.

ఇంతలో దైవం కరుణించింది. కొత్తలంకపాలెం ఫ్యాక్టరీ చెరుకు బకాయిలు ఆలస్యం చేసి రైతుల్ని విసిగించింది. వాళ్ళు చెరుకు మానేసి వరి వేశారు. నవంబరు వచ్చింది, చెరుకు రాలేదు. ఫ్యాక్టరీ ఆగినది ఆగినట్టే ఉండిపోయింది. అక్కడి ఇంజనీర్లు తమ అనుభవమంతా నడిచేవాటిలోనే గనక ఆగినదాన్ని చూసుకోలేమని నిజాయితీగా ఒప్పుకుని వేరే చోట్లకి వెళ్ళిపోయారు. అయితే ఆగిన కర్మాగారానికి అర్హత గల అధికారి ఒకరు ఉండి తీరాలి. లేకపోతే అది ఆగిందో, మూతపడిందో సాధికారంగా చెప్పేవాళ్ళుండరు. ఆగిన ఫ్యాక్టరీలో ప్రథమ శ్రేణి అనుభవం ఎవరికుందని దరఖాస్తులు తిరగేస్తే ఒక్క పేరే తేలింది. రూతు గారిని నిలుపుదల ఇంజనీరుగా నియమించారు. (ఉద్యోగం వచ్చింది కాబట్టి ఇక్కడి నుంచి గారు తప్పదు.)

భవానీపురంలో కృతజ్ఞతా ప్రార్థన పెట్టించారు. వాళ్ళమ్మ దానమ్మ గారు పేటంతా పులిహోర పంచారు. కనకవల్లి గారు ఈసారి గంగాళం తెచ్చారు.

రూతు గారి హయాంలో కర్మాగారం అసాధారణమైన పేరు తెచ్చుకుంది. ఒక్క ప్రమాదం జరగలేదు. బొట్టు నూనె ఒలకలేదు. కాలువలో చేపలు కళకళలాడాయి. ఆ ఏడు భద్రతా షీల్డు దానికే వచ్చింది. తనిఖీకి వచ్చిన అధికారులు ఇంత ప్రశాంతమైన ఫ్యాక్టరీని చూడలేదని సందర్శకుల పుస్తకంలో రాశారు. ఒకాయన మధ్యాహ్నం అక్కడే కునుకు తీశారు. శిక్షణ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇదివరకు మే, జూన్లలోనే దొరికే అనుభవం ఇప్పుడు ఏడాది పొడవునా దొరుకుతోంది. కుర్రకారు బస్సులెక్కి వచ్చేవారు. గోపాలకృష్ణ గారికి ఒంటరిగా చాలక, కర్ర ఎత్తే పని సగం రూతు గారికి అప్పగించారు. మిగతా ఫ్యాక్టరీలను కూడా వంతులవారీగా ఆపితే విద్యారంగానికి ఎంత మేలో వివరిస్తూ శాఖ ఒక నివేదిక తయారు చేసింది.

ఇంత వైభవం మధ్య రూతు గారు సంతోషంగా లేరు. మనసులో మాట చెప్పాలంటే, ఆవిడకి రోజూ ఏడుపొచ్చేది. సాయంత్రం అందరూ వెళ్ళాక చీర కొంగు బిగించి బేరింగులకి తనే గ్రీజు పెట్టేవారు. పానులో సాలెగూడు దులిపి, అద్దం తుడిచేవారు. ఆదివారం చర్చి నుంచి వచ్చీ రాగానే ఊళ్ళ మీద పడి రైతుల్ని చెరుకు వెయ్యమని బతిమాలేవారు. లంకల్లో జక్కయ్య అనే రైతు ఉండేవాడు. అతని మాట మీద పది ఊళ్ళు నడుస్తాయి.

"చెరుకేస్తాం సరేనమ్మా, ఆడిస్తారా? పోయినసారి మా డబ్బులకి ఎన్నిసార్లు తిప్పారో మీకేం తెలుసు?" అన్నాడు జక్కయ్య.

"ఆడించే పూచీ నాది. మీ డబ్బు సంగతి తేలేదాకా నేను ఆఫీసులో కుర్చీ ఎక్కను."

ఆవిడ చెప్పినట్టే పై అధికారుల బల్లల చుట్టూ తిరిగి, వాళ్ళు విసుగెత్తి సంతకం పెట్టేదాకా నిలబడ్డారు. రైతులకి బకాయిలు ముట్టాయి. జక్కయ్య చెరుకు వేశాడు. అతన్ని చూసి మిగతావాళ్ళూ వేశారు. డెబ్భై ఆరు నవంబరులో ఫ్యాక్టరీ తిరిగి నడుస్తుందని ఉత్తర్వు వచ్చింది. ఆ రాత్రి రూతు గారు సంతోషం పట్టలేక వాళ్ళ నాన్నకి కార్డు రాశారు, ఇక స్కూల్లో పోస్టు ఎవరికైనా ఇచ్చెయ్యమనండి అని.

ప్రారంభోత్సవం నాడు మామిడాకులు కట్టారు. బాయిలరుకి కొబ్బరికాయ కొట్టారు. పాస్టరు గారు ప్రార్థన చేశారు. ఒక పెద్దమనిషి మీట నొక్కితే చక్రాలు కదిలాయి. (గ్రీజు ఎవరు పెట్టారని ఎవరూ అడగలేదు.) అవి కదిలిన మరుక్షణం పధ్నాలుగో నిబంధన కూడా కదిలింది. నడిచే యంత్రం దగ్గర అనుభవం లేనివాళ్ళు ఉండకూడదు. పైగా ఫ్యాక్టరీలో నిలుపుదల లేదు కాబట్టి నిలుపుదల ఇంజనీరూ లేరు. రూతుని ఉద్యోగం నుంచి విడుదల చేశారు. (గారు కూడా అదే తేదీ నుంచి రద్దు.) ఆమె సామర్థ్యాన్ని మెచ్చుకుంటూ పత్రం ఇచ్చారు, ఆమె పనిచేసినంత కాలం కర్మాగారం చక్కగా ఆగి ఉన్నదని.

జక్కయ్య చెరుకు బండి తోలుకొచ్చేసరికి రూతు గేటు బయట నిలబడి ఉంది.

"అదేందమ్మా, బయటున్నావ్? మమ్మల్ని చెరుకెయ్యమంది నువ్వేగా?"

గేటు లోపల గోపాలకృష్ణ గారు కనిపిస్తే రూతు పిలిచింది.

"సార్, ఒక్కసారి రానివ్వండి. అద్దంలోంచి చూసి వెళ్ళిపోతాను. గింజ కట్టే వేళయింది."

ఆయనకి కళ్ళ నీళ్ళు తిరిగాయి. మంచివారని ముందే చెప్పాను. "నిబంధనమ్మా. నీకు తెలియంది కాదు, పిల్లలకి నువ్వే నేర్పావుగదా. మే నెలలో రా. ఆపేస్తాం. అప్పుడు తీరిగ్గా చూద్దువుగాని."

పాకం వాసన గేటు దాటి వచ్చింది. దానికి ఏ నిబంధనా లేదు.

ఈ సంగతి విన్నప్పుడు నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ అందరికీ అన్యాయం జరిగిందనడం పొరపాటు. స్కూల్లో సైన్సు పోస్టు, మాస్టారు చెప్పి ఉంచారు కాబట్టి, అలాగే ఉంది. రూతు టీచరు గారు ఇప్పుడు తొమ్మిదో తరగతికి పంచదార తయారీ పాఠం చెబుతున్నారు. నల్లబల్ల మీద పాను బొమ్మ గీసి, దానికి గుండ్రటి అద్దం పెట్టి, కర్ర పైకెత్తుతారు.

"ఇక్కడ గింజ కడుతుందనుకోండి" అంటారు.

పిల్లలు శ్రద్ధగా అనుకుంటున్నారు.