నీటి రాతకు శాశ్వత రక్షణ

ప్రకృతిని దాని మానాన వదిలేస్తే అదెంత అసహజంగా ప్రవర్తిస్తుందో గ్రహించిన తొలి నగరం చైనాలోని మా చెంగ్డూ. ప్రయత్నం లేకుండా బతకడమే పరమమార్గమని తావో గురువులు వేల ఏళ్లుగా బోధిస్తున్నారు. అయితే ఆ ప్రయత్నరాహిత్యం ఏ వేళకు మొదలై ఏ వేళకు ముగియాలో, దానికి బాధ్యులెవరో వారు సెలవివ్వలేదు. ఆ లోటు పూరించడానికే తావో ఆలయం పక్కనున్న వెదురుతోటలో సహజత్వ అమలు కార్యాలయం వెలసింది. (ఎలా వెలసిందని అడగరాదు. సహజంగానే వెలసింది.)

చెట్టు నీడన కూర్చోదలచినవారు ముందుగా దాని బెరడుకు వేలాడే కోడ్‌ను ఫోన్‌తో స్కాన్ చేసి, తాము నిష్ప్రయోజనంగా కూర్చోబోతున్నట్టు ప్రకటించాలి. టీ కొట్టు వెదురుకుర్చీలో గాఢంగా కునుకు తీసినవారికి ప్రశంసాపత్రం ఇస్తారు; అందుకోవడానికి మాత్రం మేల్కొని ఉండాలి.

అంతా సవ్యంగా సాగుతుండగా కార్యాలయం చూపు షూచ్యోంగ్ అనే వృద్ధురాలి మీద పడింది. ఆవిడ రోజూ పొద్దున్నే చీపురంత పొడవైన స్పాంజి కుంచెను బకెట్లో ముంచి, టీ కొట్టు ముందున్న రాతిపలకల మీద నీళ్లతో అక్షరాలు రాస్తుంది. అవి ఆరిపోతాయి. మళ్లీ రాస్తుంది. పక్కనే చక్రాల కుర్చీలో భర్త లుయో. పక్షవాతం వచ్చాక ఆయన నోట సొంత మాట రాలేదు. కాగితం చూపిస్తే మొహం తిప్పుకుంటాడు. నేల మీద, రాతి మీద అక్షరం కనిపిస్తే మాత్రం పైకి చదువుతాడు. ఆవిడ ‘కొంగ’ అని రాస్తే ‘కొంగ’ అంటాడు. ‘చలేస్తోందా’ అని రాస్తే ‘చలేస్తోందా’ అంటాడు. ఆ దంపతుల మధ్య సంభాషణ అంతే.

పర్యవేక్షకుడు నియే వచ్చి వినయంగా గొంతు సవరించుకున్నాడు.

“పిన్నిగారూ, మీరు చేసేది ప్రకృతితో మమేకం కిందకే వస్తుంది, కాదన్ను. కాకపోతే అక్షరం దానంతటది ఆరాలి. ఆరిందని నేను చూడాలి.”

“చూడు నాయనా, ఎవరొద్దన్నారు? కూర్చో.”

“నిన్న నేనొచ్చేలోపే ఆరిపోయింది కదండీ! ఇక రాశారని రుజువేదీ?”

“ఇవాళ ఇంకా ఆరలేదుగా?”

“అదే చిక్కు. జాడ మిగిలిపోయింది. జాడ మిగిలితే సహజం కాదు.”

మబ్బులు వీడని మా ప్రాంతంలో సూర్యుడు కనిపిస్తే కుక్కలు వింతపడి మొరుగుతాయని సామెత. ఆ రోజు కుక్కలు నిశ్శబ్దంగా ఉన్నాయి. చేసేది లేక షూచ్యోంగ్ తాటాకు విసనకర్ర తీసి, రాతి మీద తడిగా ఉన్న ‘కొంగ’ అనే మాటకు విసరడం మొదలుపెట్టింది.

“అయ్యయ్యో, ఆపండి! అది ప్రయత్నం!”

టీ కొట్టులో చెవుల గులిమి తీసే కాంగ్‌కు ఒళ్లు మండింది. “ఏమయ్యా నియే, ఇలా వచ్చి కూర్చో, ముందు నీ చెవి చూస్తాను. అంత పెద్దావిడ మాట్లాడుతుంటే నీకు వినపడట్లేదల్లే ఉంది.”

“వినపడుతోంది బాబాయ్. నిబంధనలోనే పట్టట్లేదు.”

షూచ్యోంగ్ కుంచె కింద పెట్టింది. “నాయనా, మేం చెప్పుకునేవి ఈ నాలుగు ముక్కలే. ఇవీ ఆపేస్తే ఈయన నోరు పూర్తిగా పడిపోతుంది.”

నియే కళ్లు చెమర్చాయి. (ఆ తడి దానంతటదే ఆరినందున నిబంధన ఉల్లంఘన జరగలేదు.)

మంచివాడు గనుక అతడు పైవారికి గట్టిగా నివేదించాడు. కార్యాలయం కూడా రాతిగుండెది కాదు. దానికి రాతిపని వచ్చు, అంతే. ఇంతటి అపురూప కళ ఎండకూ గాలికీ బలైపోవడం చూడలేకపోయింది. శాశ్వత సంరక్షణకు తీర్మానించింది. షూచ్యోంగ్ రాసే చోటనే నేలలో నల్లటి నున్నని పలక పరిచి, అందమైన దస్తూరీతో అక్షరాలు చెక్కించి, బంగారు రంగు పూయించింది. కుంచెనూ బకెట్‌నూ సగౌరవంగా అద్దాల పెట్టెలో ఉంచి తాళం వేసింది.

ఆవిష్కరణ ఉదయం షూచ్యోంగ్ ఖాళీ చేతులతో కుర్చీ తోసుకుంటూ వచ్చి పలక ముందు ఆపింది. లుయో ముందుకు వంగి చూశాడు. పెదవులు కదిలాయి. ఆ తరువాత స్పష్టంగా, ఒక్క అక్షరం తడబడకుండా చదివాడు:

“ప్రకృతితో కలిసి జీవించండి. ఇక్కడ నీళ్లతో రాయరాదు.”

అందరూ చప్పట్లు కొట్టారు. వృద్ధుడి వాక్కు గణనీయంగా మెరుగుపడిందని నియే నమోదు చేశాడు.

ఇప్పుడు లుయో రోజూ పొద్దున భార్యతో ఆ మాటే అంటున్నాడు. అక్షరాలు ఆరడం లేదు గనుక, మాట మార్చే అవసరం రావడం లేదు.