సింకు కింద సెమీఫైనల్

బుధవారం ఉదయం ఏడు గంటలకు ఆర్కాంజెలో తన వంటింట్లో మోకాళ్ళ మీద కూర్చుని, సింకు కింద కుళాయికి వెళ్ళే పైపు నట్టును పానాతో పావు చుట్టు వదులు చేశాడు. నీళ్ళు దారంలా కారడం మొదలైంది. ఎనిమిది లీటర్ల టబ్బు ఆ లెక్కన రెండు గంటల్లో నిండుతుంది. పోయిన మ్యాచ్‌కు కూడా అంతే పట్టింది.

ఆయన భార్య టిటినా కాఫీ పొయ్యి మీద పెట్టి, టబ్బును కాలితో ఆయన వైపు జరిపింది.

"అలమర చెక్క ఉబ్బిపోయింది. తలుపు పడటం లేదు," అంది. "మన జట్టు ఓడిపోతే తప్ప నా వంటిల్లు బాగుపడదు."

"పొద్దున్నే ఆ మాట ఎత్తకు," అన్నాడు ఆర్కాంజెలో.

ఆయనకు మూఢనమ్మకాలు లేవు. ఆ సంగతి ఆయనే చెబుతాడు. నేపుల్స్ మునిసిపల్ ఆఫీసులో జనన మరణాల రిజిస్టరు రాసే గుమాస్తా ఆయన. జరిగినదాన్ని జరిగినట్టు రాయడం ఇరవై ఆరేళ్ళుగా ఆయన ఉద్యోగం. ఫుట్‌బాల్ విషయంలోనూ అదే చేశాడు. అలా రాసిన కాగితం ఫ్రిజ్ తలుపు మీద అంటించి ఉంది.

మార్చిలో యూరప్ కప్పు నాకౌట్ మొదటి రౌండు రెండో మ్యాచ్ జరుగుతుండగా, డెబ్బయ్యొకటో నిమిషంలో ఈ పైపు నిజంగానే ఊడింది. ఎదురు బిల్డింగులో ఉండే ప్లంబర్ సబాతీనో మేస్త్రీని పిలిచారు. అతను తిట్టుకుంటూ వచ్చి సింకు కింద దూరాడు. మూడు నిమిషాల్లో గోల్ పడింది. అతను బయటికి వచ్చేలోగా ఇంకొకటి పడింది. జట్టు క్వార్టర్‌ఫైనల్‌కు వెళ్ళింది.

క్వార్టర్‌ఫైనల్ మొదటి మ్యాచ్‌కు మేస్త్రీని గౌరవంగా సోఫాలో కూర్చోబెట్టి బీరు ఇచ్చారు. జట్టు ఓడింది. రెండో మ్యాచ్‌కు సింకు కింద పడుకోబెట్టారు, కానీ పైపు బాగానే ఉంది. డెబ్బై నిమిషాల దాకా ఏమీ జరగలేదు. అప్పుడు ఆర్కాంజెలో లేచి వెళ్ళి నట్టు తిప్పాడు. మేస్త్రీ ముఖం మీద నీళ్ళు పడ్డాయి. రెండు గోల్స్ కూడా పడ్డాయి; రెండు మ్యాచ్‌ల గోల్స్ కలిపి చూస్తే మనవాళ్ళదే పైచేయి. సెమీఫైనల్ మొదటి మ్యాచ్ జర్మనీలో. నీళ్ళు సరిగ్గానే కారాయి గానీ మేస్త్రీ లిఫ్టులో ఇరుక్కుని ఎనిమిది నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు. మ్యాచ్ ఒకటి-ఒకటితో సమం అయింది. ఇంతకన్నా రుజువు ఏం కావాలో ఆర్కాంజెలోకు తెలియలేదు. ఈ రాత్రి తొమ్మిదింటికి రెండో మ్యాచ్, సొంత ఊళ్ళో. గెలిస్తే ఫైనల్.

ఎనిమిదింటికి రొట్టె కోసం కిందికి దిగిన టిటినాకు దుకాణం ముందు సబాతీనో కనిపించాడు. గడ్డం గీసుకున్నాడు. పెళ్ళిళ్ళకు వేసుకునే కోటు వేసుకున్నాడు. మెడలో నీలం మఫ్లరు ఉంది.

"ఎవరిది మేస్త్రీ పెళ్ళి?"

"నాదే అనుకో అక్కా." కోటు లోపలి జేబులోంచి ఒక కవరు సగం పైకి తీసి చూపించాడు. "మా బావ స్టేడియం అయిదో గేటు దగ్గర డ్యూటీ చేస్తాడు కదా, ఇప్పించాడు. నేను అక్కడ అడుగుపెట్టి ముప్ఫయ్యొక్క ఏళ్ళయింది."

"మరి మా సింకు?"

"నాకౌట్లో మనవాళ్ళు అయిదు గోల్స్ కొట్టారు అక్కా. అయిదూ విన్నాను. ఒక్కటంటే ఒక్కటి చూడలేదు. నేను చూసిందల్లా మీ పైపు. ఈసారి ఒక్క గోల్ ఈ కళ్ళతో చూస్తాను. మీ ఆయనకు మాత్రం చెప్పకు."

చెప్పనని టిటినా మాట ఇచ్చింది. ఆ మాట నాలుగు నిమిషాలు నిలబడింది. రొట్టెతో మూడో అంతస్తు ఎక్కడానికి పట్టే సమయం అది.

ఆర్కాంజెలో ఆఫీసుకు ఫోన్ చేసి ఇంట్లో ప్రాణం మీదికి వచ్చిందని చెప్పాడు. తర్వాత బిల్డింగులోని వాళ్ళందరినీ మెట్ల మీదికి పిలిచాడు. ఆరు ఇళ్ళలో అయిదు ఇళ్ళవాళ్ళు వచ్చారు. రెండో అంతస్తులో, సరిగ్గా ఆర్కాంజెలో ఇంటి కింద ఉండే లిబోరియో మాస్టారిని ఎవరూ పిలవలేదు. రిటైరైన లాటిన్ మాస్టారు ఆయన. పంతొమ్మిదేళ్ళ కిందట ఒక ఆదివారం ఇదే మెట్ల మీద నిలబడి "ఈరోజు మనమే గెలుస్తాం" అన్నాడు. జట్టు నాలుగు గోల్స్ తేడాతో ఓడింది. ఆ బుధవారం లిఫ్టు తెగింది. అప్పటినుంచి ఆయన ఎదురైతే, ఇనుము ముట్టుకుంటే కీడు అంటదని, అందరూ జేబులోని తాళంచెవిని గట్టిగా పట్టుకుంటారు. నమస్కారం ఇంకో చేత్తో పెడతారు.

"వేరే ప్లంబరును పిలుద్దాం," అంది మొదటి అంతస్తు ఆవిడ.

"రికార్డులో వేరే ప్లంబరు లేడు," అన్నాడు ఆర్కాంజెలో.

"మేస్త్రీని గదిలో పెట్టి గడియ వేద్దాం," అన్నాడు నాలుగో అంతస్తాయన.

"అది నేరం."

"మ్యాచ్ అయ్యాక తీద్దాం."

"అప్పుడూ నేరమే."

చర్చ పదకొండు గంటల దాకా సాగింది. టబ్బు తొమ్మిదింటికే నిండింది. ఆర్కాంజెలో దంపతులు తిరిగి వచ్చేసరికి వంటింటి నేల మీద ఎనిమిది లీటర్ల నీళ్ళు ఉన్నాయి. టిటినా గుడ్డ తెచ్చింది. ఆర్కాంజెలో ఫోన్ తీశాడు.

"మేస్త్రీ, నీకు టికెట్ దొరికిందట, సంతోషం. వచ్చి ఈ నట్టు శాశ్వతంగా బిగించిపో. ఈ గొడవ ఇంతటితో వదిలేద్దాం."

పిలిచింది నట్టు కోసం కాదు, కోటు కోసం. సింకు కింద దూరేవాడు పెళ్ళి కోటుతో దూరడు. సబాతీనో దాన్ని విప్పి తలుపుకు తగిలించాడు. అతను పైపుతో కుస్తీ పడుతుండగా ఆర్కాంజెలో లోపలి జేబులోని కవరు తీసి, ఫ్రిజ్ మీద ఉన్న స్ఫొల్యతెల్లా మిఠాయిల పెట్టెలో, అడుగున పరిచిన కాగితం కింద పెట్టాడు. ఆయన దృష్టిలో అది దొంగతనం కాదు, వాయిదా. మ్యాచ్ కాగానే టికెట్ తిరిగి ఇచ్చేస్తాడు. టిటినాకు చెప్పలేదు.

"ఇక చుక్క కారదు," అన్నాడు సబాతీనో కోటు తొడుక్కుంటూ. "రాత్రికి నాకోసం చూడకండి సార్."

"వెళ్ళిరా నాయనా," అన్నాడు ఆర్కాంజెలో. "కళ్ళారా చూసిరా."

నాలుగింటికి బెల్లు మోగింది. ఆర్కాంజెలో తలుపు కన్నంలోంచి చూసి, పడకగదిలోకి వెళ్ళి మంచం ఇనుప కోడు పట్టుకుని కూర్చున్నాడు. తలుపు టిటినా తీసింది.

"క్షమించాలమ్మా," అన్నాడు లిబోరియో మాస్టారు. "మా వంటింట్లో వాన కురుస్తోంది."

"అయ్యో మాస్టారూ! చాలా కారుతోందా?"

"నిఘంటువు తడిసింది. మొదటి సంపుటం మాత్రమే. రెండోదాని దాకా ఇంకా రాలేదు."

ఆయన గొంతు పెంచలేదు. పెంచి ఉంటే టిటినా కూడా పెంచేది, లెక్క సరిపోయేది. ఆమెకు సిగ్గేసింది. చుట్టూ చూస్తే ఫ్రిజ్ మీద పెట్టె తప్ప చేతికి ఇవ్వదగ్గది ఏదీ కనిపించలేదు.

"ఇవి తీసుకోండి మాస్టారూ, కాదనకండి. మేస్త్రీని పంపిస్తాను."

"నాకా?"

"మీకే. ఈ బిల్డింగులో అందరి తరఫునా."

మాస్టారు పెట్టెను రెండు చేతులతో పట్టుకుని దిగి వెళ్ళాడు. ఆర్కాంజెలో బయటికి వచ్చాడు.

"పెట్టె ఏది?"

"మాస్టారికిచ్చాను."

"ఏ పెట్టె?"

"ఇంట్లో ఎన్ని ఉన్నాయి?"

ఆర్కాంజెలో కుర్చీలో కూర్చుని విషయం చెప్పాడు. టిటినా మొత్తం విని, "వెళ్ళి అడుక్కో," అంది. వెళ్ళడానికి ఆయనకు నలభై నిమిషాలు పట్టింది. మాస్టారి బెల్లును వేలితో ముట్టుకోవడం ఇష్టం లేక చెక్క గరిటె తీసుకెళ్ళాడు. అది అవసరం పడలేదు. తలుపుకు ఒక చీటీ గుచ్చి ఉంది. దాని కింద దారంతో తాళంచెవి వేలాడుతోంది.

"ఆర్కాంజెలో గారికి, బిల్డింగు వారందరికీ. మిఠాయిల కింద మీరు పెట్టింది చూశాను. పంతొమ్మిదేళ్ళలో నన్నెవరూ మ్యాచ్‌కు పిలవలేదు. కారణం అడగలేదు, మీరూ చెప్పలేదు. ఇప్పుడు ఆ విషయం మరిచిపోదాం. ఆలస్యం కాకూడదని ముందే బయలుదేరుతున్నాను. మేస్త్రీ కోసం తాళంచెవి వదిలాను."

అయిదు ఇళ్ళవాళ్ళూ ఆ చీటీ చదివారు. ఎవరూ పైకి చదవలేదు.

ఆరింటికి సబాతీనో మెట్లు ఎక్కి వచ్చాడు. మెట్రో స్టేషన్లో జేబులన్నీ తిరగేసి చూసుకున్నాడు. కోటు లోపలి గుడ్డ ఇంకా బయటికే వేలాడుతోంది.

"ఎక్కడ?"

"కూర్చో మేస్త్రీ."

"నా టికెట్ ఎక్కడ సార్?"

ఆర్కాంజెలో చీటీ అందించాడు. సబాతీనో రెండుసార్లు చదివాడు.

"మాస్టారా?"

"మాస్టారే."

"స్టేడియంలోనా?"

ఇద్దరి చేతులూ తాళంచెవుల కోసం జేబుల్లోకి వెళ్ళాయి. సబాతీనో రెండో చేత్తో బావకు ఫోన్ చేశాడు.

"బావా, టై కట్టుకున్న పెద్దాయన ఒకాయన నా టికెట్‌తో వస్తాడు. ఆపు."

"లిబోరియో మాస్టారా?" అంది ఫోన్‌లో గొంతు. "ఇందాకే లోపలికి పంపించాను. నన్ను లాటిన్‌లో రెండుసార్లు ఫెయిల్ చేశాడు ఆయన. ఇది మీ టికెట్ కాదు కదా అని నేను ఆయన్ని అడగాలా?"

సబాతీనో ఫోన్ జేబులో పెట్టి మెట్టు మీద కూర్చున్నాడు.

"నన్ను అడగాల్సింది సార్."

"అడిగితే ఇచ్చేవాడివా?"

"ఇచ్చేవాణ్ణి కాదు."

"మరి?"

"అయినా అడగాల్సింది." లేచాడు. "ఇంక ఈ జన్మలో మీ సింకు కింద పడుకోను. మాస్టారి సీలింగు సంగతి వేరు. ఆయన చేసిన తప్పేమీ లేదు." ఆర్కాంజెలో చేతిలోంచి మాస్టారి తాళంచెవి లాక్కుని, ఆ ఇంట్లోకి వెళ్ళి లోపల గడియ పెట్టుకున్నాడు.

తొమ్మిదింటికి ఆర్కాంజెలో ఇంట్లో టీవీ ముందు పదకొండుమంది చేరారు. ఎవరి ముఖంలోనూ ఆశ లేదు. మాస్టారు మైదానంలో ఉన్నాడు, మేస్త్రీ గడియ వేసుకున్నాడు, పైపు పొడిగా ఉంది. డెబ్బయ్యో నిమిషానికి ఇంకా సున్నా-సున్నా. పదకొండుమందీ ఆర్కాంజెలో వైపు తిరిగారు. ఆయన చొక్కా విప్పి మడతపెట్టాడు. నట్టును ఈసారి అర చుట్టు తిప్పి, వెల్లకిలా సింకు కింద దూరాడు. ఉబ్బిన చెక్క దగ్గర నడుము ఇరుక్కుంది.

"అసలు సరైన మనిషే కాదు కదా," అంది మొదటి అంతస్తు ఆవిడ.

"ఇంటి యజమాని," అన్నాడు ఆర్కాంజెలో సింకు కిందినుంచి. ఆయన ముఖం మీద నీళ్ళు పడుతున్నాయి.

నాలుగు నిమిషాల తర్వాత పైపు దిగే కన్నంలోంచి, కింది ఇంట్లోంచి, ఒక అరుపు వచ్చింది.

"గోల్!"

ఆర్కాంజెలో టీవీలో బంతి ఇంకా మైదానం మధ్యలో ఉంది. ఆయన టీవీ ఇంటర్నెట్ మీద నడుస్తుంది. మాస్టారిది డాబా మీద యాంటెన్నాకు కలిపిన పాత టీవీ. రెండింటికీ ఇరవై రెండు సెకన్లు తేడా. ఆ ఇరవై రెండు సెకన్లూ పదకొండుమంది ఊపిరి బిగబట్టి, పడిపోయిన గోల్ పడటం కోసం చూశారు. పడింది.

"ఎవరు కొట్టారు? నన్ను లాగండి, చూస్తాను!" అన్నాడు ఆర్కాంజెలో.

"కదలకు!" అన్నారు పదకొండుమందీ. టిటినా ఆయన మోకాలి మీద కాలు పెట్టి అదిమింది. "రికార్డు పాడవుతుంది," అంది.

ఎనభయ్యారో నిమిషంలో కన్నంలోంచి మరో అరుపు వచ్చింది. దాన్నీ ఆర్కాంజెలో విన్నాడు.

మ్యాచ్ అయ్యాక ఆయన్ని నలుగురు కలిసి బయటికి లాగారు. తర్వాత అందరూ రెండో అంతస్తుకు దిగారు. సబాతీనో గడియ తీశాడు. లోపల మాస్టారి పడక్కుర్చీ టీవీకి ఎదురుగా ఉంది. కుర్చీ పక్కన నిండిన బకెట్, దాని పక్కన దాదాపు ఖాళీ అయిన మిఠాయి పెట్టె ఉన్నాయి. మేస్త్రీ మీసం మీద చక్కెర పొడి ఉంది.

"రెండూ చూశాను అక్కా," అన్నాడు టిటినాతో. "మొదటిది తలతో. రెండోది ఎడమ కాలితో." కళ్ళు తుడుచుకున్నాడు. "సీలింగు నీళ్ళు," అన్నాడు. "పైనుంచి మళ్ళీ ఎవరో తిప్పారు."

పన్నెండున్నరకు లిబోరియో మాస్టారు టై వదులు చేసుకుని మెట్లెక్కి వచ్చేసరికి, బిల్డింగంతా మెట్ల మీద నిలబడి ఉంది. ఎవరి చేయీ జేబులో లేదు.

"ఎలా ఉంది మాస్టారూ?"

"గోల ఎక్కువ. కానీ పక్కనున్న అబ్బాయి నన్ను రెండుసార్లు కౌగిలించుకున్నాడు. అంతా మీ దయ." ఆయన రెయిలింగు పట్టుకుని ఆగాడు. "ఫైనల్ కూడా మనమే—"

టిటినా పెట్టెలో మిగిలిన ఆఖరి స్ఫొల్యతెల్లాను ఆయన నోట్లో పెట్టింది.

గురువారం ఉదయం ఆర్కాంజెలో ఫ్రిజ్ మీది కాగితం చించి కొత్తది రాశాడు. మాస్టారు స్టేడియంలో ఉండాలి. ఆయన టికెట్ వెతికే పని అయిదో గేటు బావది. మేస్త్రీ మాస్టారి కుర్చీలో, మిఠాయిలతో, లోపల గడియ వేసుకుని ఉండాలి. సింకు కింద ఇంటి యజమాని. రాసిందాన్ని రెండుసార్లు చదివాడు. ఎక్కడైనా తప్పుందేమోనని వెతికాడు. దొరకలేదు.

టిటినా పడకగదిలోంచి ఒక దిండు తెచ్చి సింకు కింద పెట్టింది.