తలకట్లు పెట్టిన కీబోర్డు

ఆ ఉదయం ఇంట్లో నేను కాక నలుగురున్నారు. అమ్మ, నాన్న, రేడియోలు బాగుచేసే బాబాయి, అమ్మ పిలిస్తే వచ్చిన పక్కింటి టీచరమ్మ. ఉండాల్సిన అక్క మాత్రం లేదు. పదింటికి ఆమెకు ఇంట్లోనే కంప్యూటరు మీద ఫ్రెంచి పరీక్ష. నెగ్గితే అనువాదాల ఆఫీసులో ఉద్యోగం.

ఫ్రెంచి అక్షరాల నెత్తిన గుర్తులుంటాయి. ఒక్కో గుర్తుకు ఒక మీట నొక్కిపట్టి నాలుగేసి అంకెలు కొట్టలేక అక్క విసిగిపోయింది. స్నేహితురాలు చెబితే, ముందురోజు సాయంత్రం కంప్యూటరులో కీబోర్డును ఫ్రెంచికి మార్చేసింది. ఇక ఒక్క నొక్కుకే గుర్తు పడుతుంది. కానీ మామూలు అక్షరాలు కూడా చోట్లు మారిపోతాయి. ఏది ఎక్కడుందో చూపే బొమ్మ అచ్చు వేయించుకుందామని పొద్దున్నే వీధి చివరి దుకాణానికి వెళ్లింది. ఈ సంగతేదీ ఇంట్లో చెప్పలేదు.

అక్క ఫ్రెంచి గొప్ప చూపించందే అమ్మకు మనసాగలేదు. టీచరమ్మను కంప్యూటరు ముందు కూర్చోబెట్టింది. "ఫ్రెంచి అక్షరం మీది గుర్తు మన తలకట్టు లాంటిదేనండీ, కాస్త పక్కకు ఒరిగి ఉంటుంది. మా పెద్దది చకచకా కొట్టేస్తుంది." నాన్న వైపు తిరిగింది. "ఏమండీ, ముందు మామూలుగా మీ పేరు కొట్టి చూపించండి."

నాన్న ఒంటి వేలితో కొట్టాడు. 'ఏ' అక్షరం నొక్కిన చోటల్లా 'క్యూ' పడింది.

"ఇదేంటే, నా పేరు నేనే గుర్తుపట్టలేకుండా ఉన్నాను."

"నిన్న తడిగుడ్డతో తుడిచాను. నీళ్లు గానీ దిగాయేమో." అమ్మ కంగారుగా కొంగుతో మీటలు తుడిచింది.

"కంగారుపడకు వదినా. అక్షరాలు చోటు తప్పాయి, అంతే," అంటూ బాబాయి స్క్రూడ్రైవరు తీశాడు.

మీటలన్నీ ఊడబీకి పళ్లెంలో పోశాడు. టీచరమ్మ ఒక్కో చోట నొక్కి తెర మీద ఏం పడిందో చెబుతుంటే, ఆ అక్షరం మీటను వెతికి అక్కడే బిగించాడు. అంకెల వరుసలో తలకట్ల అక్షరాలు పడ్డాయి. వాటికి మీటలెక్కడివి? దెబ్బలకు వేసే పట్టీ ముక్కలు అంకెల మీద అంటించి, పెన్నుతో రాశాడు.

"దెబ్బ గట్టిగానే తగిలిందన్నమాట," అన్నాడు నాన్న.

అంతలో అక్క వట్టి చేతులతో తిరిగొచ్చింది. దుకాణంలో మిషను పాడైందట. బాబాయి చేతిలో పళ్లెం, అందులో మిగిలిన మీటలు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఎవరు ముట్టుకోమన్నారు? అది పాడవలేదు. నేనే మార్చాను. ఇంకో పది నిమిషాల్లో పరీక్ష."

అమ్మ గబగబా ఎదురొచ్చింది. "నాదేనే తప్పు. టీచరమ్మకు చూపిద్దామని..."

అక్క ఏడుపు దిగమింగుకుని కుర్చీలో కూర్చుంది. ఒక మీట నొక్కింది. దాని మీదున్న అక్షరమే తెర మీద పడింది. ఇంకోటి నొక్కింది. అదీ అంతే. పట్టీ ముక్క నొక్కితే తలకట్టుతో సహా అక్షరం దిగింది. దుకాణంలో దొరకని బొమ్మ కీబోర్డు మీదే ఉంది.

"బాబాయ్, నీకు ఫ్రెంచి ఎప్పుడొచ్చింది?"

"భాషదేముందమ్మా, బిగించడం వస్తే చాలు."

పరీక్ష మొదలైంది. గదిలో ఇంకెవరూ ఉండకూడదని తెర మీద రాసి ఉంది. అందుకే అమ్మ గుమ్మం దాటలేదు, తలుపు సందులోంచి తల మాత్రం పెట్టింది. పక్కనే టీచరమ్మ తల.

"అదిగో, తలకట్టు పడింది, చూశారా? ఇదిగో, ఇంకోటి."

అక్క లేచి వచ్చింది. ఒక్క తోపుతో అమ్మ ముఖం మీదే తలుపు వేసేసింది.

అమ్మ టీచరమ్మ వైపు తిరిగింది. "చూశారుగా, ఒక్క నొక్కుకే! తలుపు కూడా ఫ్రెంచిలోనే వేసింది."