కరచాలనంలో కరెంటు

విద్యుత్తు విషయంలో ఇకమీదట ఏ ఎలక్ట్రీషియన్ మీదా ఆధారపడేది లేదని పార్టీ బెంగాల్ శాఖలోని తెలుగు విభాగం అధ్యక్షులు ఢిల్లీశ్వరరావుగారు ఏక్‌బాల్‌పూర్ ఆఫీసులో ప్రకటించారు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టినవాడు నరసింహం. రేవులో పనిచేసే నరసింహానికి అధ్యక్షులవారంటే అంత గురి. ఆయన తుమ్మినా అందులో అతనికి ఒక విధానం కనిపించేది.

ఈ చారిత్రక నిర్ణయానికి కారణం లేకపోలేదు. బడ్జ్ బడ్జ్ దాటాక ఒక పల్లెలో అధ్యక్షులవారు తోట కొన్నారు. తోటలో చిన్న ఇల్లు, నీళ్ల మోటారు, చుట్టూ ఇనప కంచె, ముందు ఇనప గేటు. ఆ పల్లె మొత్తానికి ఉన్న ఒకే ఒక్క ఎలక్ట్రీషియన్ తపన్, దురదృష్టవశాత్తూ, ప్రతిపక్షం మనిషి.

"మన ఫ్యూజులు తీసికెళ్లి ప్రతిపక్షం చేతిలో పెడతామేటి? ఫోన్లో వీడియోలున్నాయి. వైరింగు నేనే లాగీస్తాను" అన్నారాయన.

అన్నట్టే లాగారు. నరసింహం నిచ్చెన పట్టుకున్నాడు. టేబుల్ ఫ్యానుకి వాడే సన్నటి వైరును మీటరు బోర్డు దగ్గర్నుంచి కంచె వెంబడే మోటారుదాకా పాకించి, అతుకులకి సెల్లోటేపు చుట్టారు.

"ఎర్త్ వైరు వద్దేటి దాదా?" అనడిగాడు నరసింహం, తెలుసుకుందామని.

"మనింటికొచ్చిన కరెంటుని పట్టుకెళ్లి భూమిలో పాతీడమేటి? దుబారా!"

ఆ పొదుపుకి నరసింహం కళ్లు చెమర్చాయి.

తర్వాతి ఆదివారం వాన కురిసి వెలిసింది. కార్యకర్తలు తోట చూడడానికి వచ్చారు. అధ్యక్షులవారు ఎడమచేయి గేటు మీద ఆనించి, కుడిచేయి చాచి స్వాగతం పలికారు. తడి గడ్డిలో చెప్పులు విడిచి నిలబడ్డ మొదటి కార్యకర్త ఆ చెయ్యి అందుకుంటూనే ఎగిరిపడ్డాడు.

"ఏటైనాది?"

"ఝుమ్మంది దాదా. భుజందాకా ఎక్కీసింది!"

అధ్యక్షులవారికీ ఝుమ్మనే అంది. అయితే ఆయన నాయకుడు కనుక దానికి వెంటనే అర్థం చెప్పగలిగారు. "ప్రజాభిమానం" అన్నారు.

ఆయన చేతిలో పవరుందన్న మాట హౌరా దాకా పాకింది. ఆదివారాలు జనం రైళ్లెక్కి రాసాగారు. కీళ్ల నొప్పులవాళ్లు రెండు చేతులూ ఇచ్చారు. చివరికి ఆ పవరేదో తానూ స్వయంగా పరిశీలిస్తానని మంత్రిగారు కబురంపారు.

మంత్రిగారు వచ్చే ఉదయం మళ్లీ వాన. అధ్యక్షులవారి భార్య రమాకుమారి బిందె నింపుదామని మోటారు ట్యాపు పట్టుకుంది. మరి వదల్లేదు. బిందె దొర్లిపోయింది. నోరు తెరుచుకుంది గాని కేక రాలేదు. నరసింహం ఆమెను లాగడానికి చెయ్యి చాచి, ఎందుకో ఆగి, మీటరు బోర్డు దగ్గరికి ఒక్క పరుగు తీసి మెయిన్ స్విచ్ కిందికి దించాడు. ఆమె బురదలో కూలబడింది. అరచెయ్యి కమిలిపోయింది. ఇందులో విధానమేమిటో నరసింహానికి మొట్టమొదటిసారి అంతుపట్టలేదు.

అధ్యక్షులవారు పరుగున వచ్చి, "రమా! నీక్కూడా ఝుమ్మందేటి?" అన్నారు.

ఆమె కాస్త ఊపిరి తీసుకుంది. "మీ నాయకత్వం గేటుకాడ ఉంచుకోండి. ట్యాపులోకి తేకండి. నరసింహం, ఎల్లి ఆ తపన్‌ని పిలు."

"వదినా, అతగాడు ప్రతిపక్షం..."

"ఇప్పట్నుంచి నేనూ ప్రతిపక్షమే. పిలు!"

తపన్ వచ్చాడు. కంచె చూశాడు, సెల్లోటేపు చూశాడు, ఒకసారి దండం పెట్టుకున్నాడు. మీటరు దగ్గరే లైను విప్పేసి, ఎక్కడి వైరు అక్కడ కత్తిరించి చుట్ట చుట్టడం మొదలుపెట్టాడు. కొత్త వైరింగు రేపు, ఎర్త్‌తో సహా, అన్నాడు. అధ్యక్షులవారికి అదేమీ చెవికెక్కలేదు. అప్పటికే మంత్రిగారి కార్లు గేటు ముందు ఆగాయి.

అధ్యక్షులవారు తన చోట నిలబడ్డారు. ఎడమచేయి గేటు మీద, కుడిచేయి ముందుకు. ముందు వరసలోని కార్యకర్త చెయ్యి కలిపి, ఊపి, పక్కకు వెళ్లిపోయాడు. ఎగరలేదు. రెండోవాడూ అంతే. అధ్యక్షులవారి మొహం వాడిపోయింది.

"నరసింహం, నువ్వు రా" అన్నారు గుసగుసగా. చెయ్యి అందించి, "ఝుమ్మందేటి?" అని అడిగారు.

నరసింహానికి తగిలింది ఒట్టి చెయ్యి. చెమట పట్టి, చల్లగా ఉంది. ఇంతకాలంలో ఆ చేతిని అతను సరిగ్గా పట్టుకున్నది అదే మొదలు. ఆయన కళ్లలోకి చూశాడు. జాలేసింది.

"ఝుమ్మంది దాదా!" అని భుజం ఎగరేశాడు.

అంతే. వెనకున్నవాడు అంతకన్నా ఎత్తు ఎగిరాడు. ఆ వెనకవాడు గడ్డిలో పొర్లాడు. అందరికంటే ఆఖర్న మంత్రిగారు చెయ్యి కలిపి, "ఓరే బాబా!" అని గావుకేక పెట్టి సెక్రటరీ చేతుల్లో వాలిపోయారు.

తేరుకున్నాక, గ్రామీణ విద్యుత్ భద్రతా కమిటీకి ఢిల్లీశ్వరరావుగారిని కన్వీనరుగా నియమిస్తున్నట్టు అక్కడికక్కడే ప్రకటించారు. చప్పట్లు మారుమోగాయి.

ఆ చప్పట్ల మధ్యనుంచి, తోటలోని వైరంతా చుట్ట చుట్టి భుజాన వేసుకుని తపన్ వచ్చాడు. "కొంచెం జరగండి దాదా" అన్నాడు బెంగాలీలో.

మంత్రిగారు పక్కకు జరిగి అతనికి దారి ఇచ్చారు. ఆనక ఫొటోగ్రాఫరు అడిగాడని, మళ్లీ చెయ్యి కలిపి మళ్లీ ఎగిరారు.